గూగుల్ బిల్‌బోర్డ్ పజిల్‌లో ప్రధాన సంఖ్య తప్పుగా వస్తోందా?

పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లోని ఇ (2.71828... అనే గణిత స్థిరాంకం) వాడి ఈ పజిల్ చేస్తే, తప్పు మీ ప్రైమ్ టెస్టులో (ప్రధాన సంఖ్య అవునో కాదో చూసే పరీక్షలో) లేదు, మీరు తీసుకున్న ఇ విలువలో ఉంది. ఇంజనీర్లను ఉద్యోగాల్లోకి తీసుకోవడానికి 2004లో గూగుల్ పెట్టిన ఆ బోర్డు అడిగింది ఇ అంకెల్లో వరసగా దొరికే మొదటి 10 అంకెల ప్రధాన సంఖ్యను. మ్యాథ్ మాడ్యూల్‌లోని ఇ ఏమో ఫ్లోట్, అంటే పరిమిత అంకెల వరకే కచ్చితంగా ఉండే దశాంశ సంఖ్య. నమ్మదగినవి 15, 16 అంకెలే. 150 అంకెలు ప్రింట్ చేయించినా మిగతావి ఇ అంకెలు కావు. 51వ దశాంశ స్థానం దాకా చూడ్డానికి నిజమైన వాటిలాగే ఉంటాయి, ఆ తర్వాత అన్నీ సున్నాలే.

ఇ అంటే 1 + 1/1 + 1/(1×2) + 1/(1×2×3) + ... అనే పదాల మొత్తం. దాన్ని ఫ్లోట్ లేకుండా, పూర్ణాంకాలతోనే ఇలా రాబట్టండి:

1. 10 పవర్ 170ని పూర్ణాంకంగా తీసుకోండి. మొదటి పదం అదే, మొత్తం కూడా అక్కడి నుంచే మొదలు.

2. ఆ పదాన్ని వరసగా 1, 2, 3... ఇలా భాగిస్తూ, ప్రతిసారీ వచ్చినదాన్ని మొత్తానికి కలపండి. పదం సున్నా అయ్యేదాకా. భాగహారానికి రెండు స్లాష్‌లు (//) తప్పనిసరి. ఒక్కటే పెడితే మళ్లీ ఫ్లోట్‌లోకి పోతారు, ఇంత శ్రమా వృథా.

3. చివరి 20 అంకెలు కొట్టేయండి. భాగహారంలో పోయిన శేషాల తేడా అక్కడ చేరుతుంది.

4. పదేసి అంకెల ముక్కలుగా కోయకండి, ఒక్కో అంకె జరుపుతూ చూడండి. 0తో మొదలైతే వదిలేయండి.

5. ప్రైమ్ టెస్టుకు లక్ష వరకు భాగించి చూస్తే చాలు.

దశాంశ బిందువు తర్వాత 99వ అంకె దగ్గర మొదలైతే మీ జవాబు సరైనదే.