చివరి అక్షరం చూడకుండా ఐ7 కొనకండి

ప్రశ్న: ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. శాన్ ఆండ్రియాస్, మోస్ట్ వాంటెడ్ లాంటి పాత గేములూ, జీటీఏ 5, సైబర్‌పంక్ లాంటివీ ఆడాలి. షాపులో దాదాపు ఒకే ధరకు రెండు లాప్‌టాప్‌లు చూపించారు. ఒకటి ఇంటెల్ ఐ7-1255యూ ప్రాసెసర్‌ది, విడి గ్రాఫిక్స్ చిప్ లేదు. రెండోది ఐ5-12450హెచ్, ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3050 అనే విడి గ్రాఫిక్స్ చిప్ ఉంది. షాపాయన ‘ఐ7 పెద్దది, అదే తీసుకో’ అంటున్నాడు. మా బావ వద్దంటున్నాడు. – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ బావ మాటే వినండి. ఆ ఐ7లో పది కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) ఉన్నా పెద్దవి రెండే, మిగతా ఎనిమిదీ చిన్నవి. ఐ5లో పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. గేము బరువు మోసేది పెద్ద కోర్లే. పైగా పేరు చివర ‘యూ’ ఉన్న రకానికి బేస్ పవర్ 15 వాట్లు, ‘హెచ్’కు 45. కరపత్రంలో ఐ7కు 4.7 గిగాహెర్ట్జ్, ఐ5కు 4.4 అని కనిపిస్తుంది. ఆ 4.7 కాసేపటి ముచ్చటే. అరగంట ఆడాక వేడికి, వాట్ల హద్దుకు లోబడి వేగం దిగిపోతుంది.

పాత గేములు ఒకటి రెండు కోర్లతోనే పని కానిచ్చేస్తాయి, వాటికి రెండూ చాలు. తేడా వచ్చేది గ్రాఫిక్స్ దగ్గర. 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ డైరెక్ట్‌ఎక్స్ 9ను (పాత గేములు బొమ్మలు గీయడానికి వాడే విండోస్ సాఫ్ట్‌వేర్‌ను) నేరుగా నడపదు, డైరెక్ట్‌ఎక్స్ 12లోకి మార్చి నడుపుతుంది. అందుకే కొన్ని పాత గేములు తడబడతాయి. ఆర్‌టీఎక్స్ ఉన్నా పాత గేము ఒక్కోసారి ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీదే మొదలవుతుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి గేము ఫైలును జతచేసి ‘హై పెర్ఫార్మెన్స్’ పెట్టండి.

డబ్బు కట్టే ముందు షాపులోనే రెండు చూడండి. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే గరిష్ఠ గ్రాఫిక్స్ పవర్ కనిపిస్తుంది. 3050 అన్న పేరుతోనే 35 వాట్లదీ ఉంది, 80 వాట్లదీ ఉంది. 6 జీబీ మెమరీ ఉన్నది దొరికితే 4 జీబీది వదిలేయండి, సైబర్‌పంక్‌కు ఆ 6 జీబీ కావాలి. తర్వాత టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. ‘1 ఆఫ్ 2’ అని ఉంటే ఒకే ర్యామ్ ముక్క ఉందని అర్థం. అదే రకం రెండోది కలిపి మొత్తం 16 జీబీ చేయించండి. విడి గ్రాఫిక్స్ లేని లాప్‌టాప్‌లో ఇది మరీ ముఖ్యం. ఒకే ముక్కతో ఐ7లోని ఐరిస్ ఎక్స్‌ఈ గ్రాఫిక్స్ కాస్తా అంతకంటే తక్కువదైన మామూలు యూహెచ్‌డీ అయిపోతుంది.

ఇంటెల్ బదులు ఏఎండీ వాళ్ల రైజెన్ ప్రాసెసర్ చూపిస్తే 7000 వరుసలో మూడో అంకె చూడండి. 7520యూలో 2 అంటే పాత జెన్ 2 డిజైన్, నాలుగే కోర్లు. 7535హెచ్‌ఎస్‌లో 3 అంటే జెన్ 3 ప్లస్, ఆరు కోర్లు. రెండూ ‘రైజెన్ 5’ పేరుతోనే అమ్ముతారు!

ఆడేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచండి, బ్యాటరీ మీద గ్రాఫిక్స్‌కు పూర్తి పవర్ అందదు. మే నెల తిరుపతి ఎండలో పరుపు మీద పెట్టి ఆడితే అడుగునున్న గాలి రంధ్రాలు మూసుకుపోయి ఏ ప్రాసెసరైనా చతికిలపడుతుంది. బల్ల మీద పెట్టి వెనకవైపు రెండు అంగుళాలు ఎత్తండి.

ప్రశ్న: 2004లో కొన్న ఒరిజినల్ గేము సీడీ కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ అయింది గానీ తెరుచుకోవడం లేదు. ప్రాసెసర్ చాలదా? – ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: ప్రాసెసర్ తప్పు కాదు. అప్పటి చాలా సీడీల్లో సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. దాని డ్రైవర్‌ను భద్రతా కారణాలతో విండోస్ 10 నుంచే ఆపేశారు. మీ సీడీ ఆ రకందైతే కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా లాభం లేదు. అదే గేము జీఓజీ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో రక్షణ తీసేసిన రూపంలో ఉందేమో వెతకండి.

ప్రశ్న: శాన్ ఆండ్రియాస్‌లో ఈత చాలా నెమ్మదిగా ఉంది, ఎందుకు? – ఒక పాఠకుడు, పీలేరు

జవాబు: మీ లాప్‌టాప్ వేగం ఎక్కువై! ఆ గేములో కొన్ని కదలికలు తెర మీద సెకనుకు మారే బొమ్మల (ఫ్రేముల) లెక్కకు ముడిపడి ఉంటాయి. డిస్‌ప్లే సెటప్‌లో ఫ్రేమ్ లిమిటర్ ఆన్ చేయండి.