అడగండి, చెబుతా: పదవి వచ్చింది సరే, లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. కాలేజీ పిల్లలు సంఘాలు పెట్టుకోవడం, వాటిని నడపడం. రెండు అమెరికాలో చదివే పిల్లల తల్లిదండ్రులవి, రెండు మన తిరుపతిలో చదివేవాళ్లవి. అందుకే ఈ వారం మిగతా ఉత్తరాలు పక్కన పెట్టేశాను, వాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మా పాప హ్యూస్టన్‌లో డిగ్రీ రెండో సంవత్సరం. అక్కడ సొరోరిటీ అని ఆడపిల్లల సంఘం ఉందంట, పోయినేడు చేరింది. ఇప్పుడు వాళ్ల చాప్టర్‌కి ట్రెజరర్‌గా ఎన్నుకున్నారంట. వేల డాలర్లు తన చేతి మీదుగా పోతాయని సంబరంగా చెప్పింది. నాకేమో టెన్షన్. నేను ఇక్కడ చాలా ఏళ్లుగా చీటీలు నడుపుతున్నా, పక్కవాళ్ల డబ్బు చేతిలో ఉంటే ఎన్ని మాటలు పడాలో నాకు తెలుసు. పైగా వీసా మీద పోయిన పిల్ల. వద్దని చెప్పేదా?
– ఒక తల్లి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: వద్దని చెప్పొద్దమ్మా. చీటీలు నడిపే తల్లికి ట్రెజరర్ కూతురు పుట్టడంలో వింతేముంది!

ముందు ఆ సంఘం సంగతి చూద్దాం. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకునే ఈ ఆచారం 1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీలో ఐదుగురు విద్యార్థులతో మొదలైంది, ఆ సంఘం పేరు ఫై బీటా కప్పా. తర్వాత అలాంటివి బోలెడు పుట్టాయి. మగపిల్లలవి ఫ్రటర్నిటీలు, ఆడపిల్లలవి సొరోరిటీలు, ఒక్కో యూనివర్సిటీలో ఉండే శాఖ పేరు చాప్టర్, వాటన్నిటి పైన ఒక జాతీయ కార్యాలయం. మన ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాల అమ్మాయిలను దృష్టిలో పెట్టుకుని పుట్టినవి కూడా ఉన్నాయి. 1998లోనే హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో కప్పా ఫై గామా మొదలయ్యాయి. కాబట్టి మీ పాప ఏదో తెలియని గుంపులో పడిపోయిందని భయపడాల్సిన పని లేదు.

ఇక ట్రెజరర్ పని. ప్రతి సెమిస్టర్‌కీ సభ్యులు డ్యూస్, అంటే సభ్యత్వ రుసుం, కడతారు. అందులో కొంత తలకింత చొప్పున పై ఆఫీసుకి, ఇన్సూరెన్సుకి పోతుంది, మిగిలిందాంతో హాలు అద్దె, కొత్తవాళ్లను చేర్చుకునే రోజుల ఖర్చు, సేవా కార్యక్రమాలు, టీ షర్టులు. మీ చీటీకీ దీనికీ ఒక తేడా ఉంది. చీటీ పాడుకోవాలనో, కట్టింది తిరిగి రావాలనో జనం మీ వెంట పడతారు. ఇక్కడ తిరిగొచ్చేదేమీ లేదు కాబట్టి ట్రెజరరే జనం వెంట పడాలి. అదీ ఎవరి వెంట? రోజూ పక్కన కూర్చుని తినే స్నేహితురాళ్ల వెంట. మాటలు పడేది అక్కడే. దీనికి మందు ఒకటే, ఎవరెవరు ఎన్ని వాయిదాల్లో కట్టొచ్చో సెమిస్టర్ మొదట్లోనే కాగితం మీద రాసి, ప్రెసిడెంట్ ప్రాణ స్నేహితురాలికైనా అదే వర్తింపజేయడం. ఒకరికి సడలిస్తే పదిమంది అడుగుతారు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా!

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ‘జాగ్రత్త తల్లీ’ అని ఊరికే వదిలేయకుండా నాలుగు విషయాలు అడగండి. బ్యాంకు ఖాతా చాప్టర్ పేరు మీద ఉందా, లేక పాత ట్రెజరర్ సొంత ఖాతాలోకో, వెన్మో అనే ఫోన్‌పే లాంటి యాప్‌లోకో డబ్బులు వస్తున్నాయా? రెండోదైతే ముందు అది మార్చాకే పదవి తీసుకోమనండి. ఖర్చుకి ఇద్దరి ఆమోదం ఉండాలన్న నియమం ఉందా? పాత ట్రెజరర్ ఇచ్చిన పుస్తకంలో చివరి నిల్వ, ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్న నిల్వ ఒకటేనా? తేడా పది డాలర్లే అయినా సరే, ‘నేను తీసుకున్నప్పుడు ఇంతే ఉంది’ అని అదే రోజు ప్రెసిడెంట్‌కీ సలహాదారుకీ మెయిల్ పెట్టాలి. వారం తర్వాత పెడితే ఆ తేడా మీ పాపదే అయిపోతుంది. నాలుగోది పన్ను కాగితం. మామూలుగా ఏడాదికి 50,000 డాలర్ల లోపు రాబడి ఉండే ఇలాంటి సంఘాలు చాలావరకు 990-ఎన్ అనే చిన్న ఫారం ఆన్‌లైన్‌లో నింపితే చాలు, కానీ వరసగా మూడేళ్లు నింపకపోతే పన్ను మినహాయింపు దానంతటదే రద్దవుతుంది. పాత అమ్మాయి కొత్త అమ్మాయికి చెప్పకుండా వెళ్లిపోవడం వల్ల ఎగిరిపోయే పనుల్లో ఇదొకటి.

వీసా మాట. జీతం లేకుండా చేసే పదవి మామూలుగా ఇబ్బంది పెట్టదు. కానీ పదవిలో ఉన్నందుకు గది అద్దె మాఫీ, డ్యూస్ మాఫీ లాంటివి ఇస్తామంటే, ఒప్పుకునే ముందే యూనివర్సిటీలో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగాలి, జవాబు మెయిల్‌లో తీసుకోవాలి.

ప్రశ్న: మేడం, నేను తిరుపతిలో పీజీ రెండో సంవత్సరం. మా డిపార్ట్‌మెంట్ అమ్మాయిల అసోసియేషన్‌కి ఈ ఏడాది ప్రెసిడెంట్‌ని. అమెరికా సొరోరిటీల వీడియోలు చూసి మేమూ అలా చేయాలనుకున్నాం. అక్కా చెల్లెళ్ల జోడీలు, కొవ్వొత్తులతో ప్రమాణం, అంతకుముందు జూనియర్లకి ఒక వారం పరీక్ష, అంటే సీనియర్లు చెప్పిన చిన్న చిన్న పనులు చేయడం, సరదాకే. ఫ్రెషర్స్ పార్టీకి తలా 800 వసూలు చేస్తున్నాం, నా ఫోన్‌పేకి పంపమన్నాం. కొంతమంది జూనియర్లు ఇవ్వట్లేదు, గ్రూపులో మెసేజ్ చూసి కూడా మాట్లాడట్లేదు. వాళ్లని ఎలా దారికి తేవాలి?
– పేరు వద్దు, తిరుపతి

జవాబు: దారికి రావాల్సింది వాళ్లు కాదమ్మాయ్, మీరు.

కోపం తెచ్చుకోకుండా చదువు. 2009లో యూజీసీ తెచ్చిన ర్యాగింగ్ నిబంధనల్లో కొట్టడం, తిట్టడం మాత్రమే లేవు. కొత్తగా చేరినవాళ్ల నుంచి డబ్బు గుంజడం, బలవంతంగా ఖర్చు వాళ్ల నెత్తిన వేయడం కూడా ర్యాగింగే అని రాసి ఉంది. సీనియర్లు తమ చదువు పనులు జూనియర్ల చేత చేయించుకోవడం కూడా. మన రాష్ట్రంలో 1997 నుంచే దీనికి ప్రత్యేక చట్టం ఉంది, జైలు శిక్ష ఉంది. ఆ మాట్లాడని జూనియర్లలో ఒక్కరు ర్యాగింగ్ ఫిర్యాదుల నంబరు 1800-180-5522 కి ఫోన్ చేస్తే, నీ ఫోన్‌పే హిస్టరీనే సాక్ష్యం. ‘సరదాకే’ అన్న మాటకి అక్కడ విలువ లేదు. మీరు చూసి ముచ్చటపడ్డ అమెరికాలోనే, టెక్సాస్ చట్టంలో, బాధపడ్డ విద్యార్థి తనంతట తానే ఒప్పుకున్నా హేజింగ్, అంటే అక్కడి ర్యాగింగ్, నేరమే. కళ్లారా చూసి చెప్పకపోయినా నేరమే. వీడియోల్లో ఆ భాగం ఎవరూ పెట్టరు.

అసలు నాకు అర్థం కానిది, ఎవరికి స్వాగతం చెబుతున్నారో వాళ్ల దగ్గరే భోజనం డబ్బులు అడగడం ఏమిటి? ఇంటికి చుట్టాన్ని పిలిచి విస్తరాకు డబ్బులు అడుగుతామా? ఫ్రెషర్స్ పార్టీ ఖర్చు సీనియర్లది. మీ దగ్గర ఎంత ఉంటే అంతలో చేయండి. ఇప్పటికే ఇచ్చిన జూనియర్లకి ఈ వారంలోనే తిరిగి పంపించి, ‘పార్టీకి డబ్బులు అక్కర్లేదు, అందరూ రండి’ అని అదే గ్రూపులో రాయి.

పరీక్ష వారం మొత్తం కొట్టేయండి. ప్రమాణం కూడా చీకటి గదిలో వద్దు, కావాలంటే పగలు, సెమినార్ హాల్లో, ఒక మేడంని పిలిచి చేయండి, ఇష్టం లేనివాళ్లు రాకపోతే ఎందుకు రాలేదని అడక్కండి.

అక్కా చెల్లెళ్ల జోడీ మాత్రం వదలొద్దు, అది నిజంగా మంచి ఆలోచన. అక్కడ దాన్ని బిగ్–లిటిల్ అంటారు, కొత్త అమ్మాయి తనకి ఎవరు నచ్చారో రాసిచ్చాక చాలా చోట్ల జోడీ కుదురుస్తారు. మీరూ అలాగే జూనియర్ ఇష్టం అడిగి కలపండి. ఇంతకీ ఆ అక్క ఏం చేయాలి? వార్డెన్‌గా పనిచేసిన రోజుల్లో నేను చూసిందేమిటంటే, మొదటి నెల పిల్లలు ఏడ్చేది పెద్ద పెద్ద విషయాలకి కాదు. మెస్ బిల్లులో ఆబ్సెంట్ ఎలా రాయించుకోవాలో తెలియక, స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం ఏ టేబుల్ దగ్గరో తెలియక, తెలుగు మీడియం నుంచి వచ్చి క్లాసులో నోరు విప్పలేక. గరుడ సేవ రోజు ఊరి జనం మధ్యలోంచి గేటు మూసే టైముకి హాస్టల్ చేరాలంటే ఎప్పుడు బయలుదేరాలో కడప నుంచో మదనపల్లి నుంచో కొత్తగా వచ్చిన పిల్లకి ఎవరు చెబుతారు? ఆ అక్క చెప్పాలి. అది చేస్తే కొవ్వొత్తులు లేకపోయినా మీ సంఘం నిలబడుతుంది.

డబ్బు సంగతి కూడా వినేసెయ్. ఈ రోజు నుంచి నీ ఫోన్‌పే బంద్. మీ డిపార్ట్‌మెంట్‌లో బాధ్యత తీసుకునే టీచర్‌తో కలిపి ఉమ్మడి ఖాతా తెరవండి, సీనియర్ల చందాకి కూడా రసీదు ఇవ్వండి. ఇలాంటి పుస్తకాలు నేను చాలా తిరగేశాను. ‘పూలు 450, షామియానా 1,200’ అని బుద్ధిగా రాసుకుంటూ వచ్చి చివర్లో ‘ఇతర ఖర్చులు 3,600’ అని ఉంటుంది. గొడవలన్నీ ఆ ఒక్క గీతలోంచే పుడతాయి. ఆటోకి వంద ఇచ్చినా విడిగా రాయండి, పార్టీ అయిన వారంలోపు ఆ పేజీ జిరాక్స్ నోటీసు బోర్డు మీద పెట్టండి. వచ్చే ప్రెసిడెంట్‌ని జూన్‌లో కాదు, ఫిబ్రవరిలోనే ఎన్నుకోండి, నువ్వు వెళ్లేలోపు ఆ అమ్మాయి నీ పక్కన కూర్చుని పని నేర్చుకుంటుంది.

ప్రశ్న: మా వాడు పెన్సిల్వేనియాలో చదువుతున్నాడు. ఏదో ఫ్రటర్నిటీలో ‘ప్లెడ్జ్’గా, అంటే ఇంకా పూర్తి సభ్యుడు కాని కొత్తవాడిగా, ఉన్నానంటాడు. నెల నుంచి రాత్రిళ్లు ఫోన్ ఎత్తడు, ఎత్తినా నిద్ర మొహం. 600 డాలర్లు కావాలన్నాడు. ఎందుకురా అంటే ‘సీక్రెట్ నాన్నా, అడగొద్దు’ అంటున్నాడు.
– ఒక తండ్రి, చంద్రగిరి

జవాబు: వాళ్ల ప్రమాణం, ఆచారం రహస్యంగా ఉంచుకోవడం ఆ సంఘాల్లో మామూలే, దానికి కంగారు పడొద్దు. కానీ మీ వాడికి నిద్ర ఎందుకు లేదో, ఏం తాగిస్తున్నారో రహస్యం కాకూడదు.

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2017 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలోని పెన్ స్టేట్ యూనివర్సిటీలో ఒక ఫ్రటర్నిటీ ఇంట్లో కొత్తగా చేరుతున్న 19 ఏళ్ల కుర్రాడికి విపరీతంగా తాగించారు, మెట్ల మీద నుంచి పడ్డాడు, దాదాపు 12 గంటలు ఎవరూ అంబులెన్సుకి ఫోన్ చేయలేదు. చనిపోయాడు. ఆ తర్వాత 2018లో అక్కడ చట్టం కఠినం చేశారు. 2024 డిసెంబరులో అమెరికా అంతటికీ ఒక చట్టం వచ్చింది, దాని ప్రకారం ఏ సంఘం ఇలాంటి పనులు చేసి దొరికిందో యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి. మీ వాడి యూనివర్సిటీ పేరు పక్కన ‘హేజింగ్ రిపోర్ట్’ అని కొట్టి చూడండి, ఇంట్లో కంప్యూటర్ తెలిసిన పిల్లలెవరైనా ఐదు నిమిషాల్లో చూసి చెబుతారు.

డబ్బు పంపే ముందు డ్యూస్ వివరం రాతపూర్వకంగా అడగండి. సవ్యంగా నడిచే చాప్టర్ అయితే ఏ పద్దు కింద ఎంతో కాగితం ఉంటుంది. కాగితం లేదంటే డబ్బూ లేదు. మీ వాడిని మాత్రం ఫోన్‌లో తిట్టొద్దు, తిడితే ఆ కాస్తా మాట్లాడటం మానేస్తాడు. ‘నాన్నా, ఇష్టం లేకపోతే ఈ రోజే మానేయొచ్చు, కట్టిన డబ్బు పోయినా నేనేమీ అనను’ అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. చాలామంది పిల్లలు మానలేకపోయేది నాన్న డబ్బు వృథా అయిందని తెలుస్తుందనే. ఎవరైనా తాగి స్పృహ తప్పితే సీనియర్లని అడగకుండా అక్కడి అత్యవసర నంబరు 911 కి ఫోన్ చేయమనండి.

ప్రశ్న: తిరుపతిలో ఇంజినీరింగ్ చదువుతున్నాం సార్/మేడం. మా క్లబ్‌ని సొసైటీగా రిజిస్టర్ చేయిస్తే బాగుంటుందా?
– నలుగురు మిత్రులు

జవాబు: నలుగురే ఉంటే కుదరదు బాబూ, ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. ఏడుగురు దొరికినా తొందరపడొద్దు. రిజిస్టర్ చేశాక ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కి పంపాలి, మీరు పాసై బెంగళూరు వెళ్లిపోయాక ఆ పని ఎవరు చేస్తారో ఇప్పుడే పేరు చెప్పగలరా? చెప్పలేకపోతే కాలేజీ క్లబ్‌గానే ఉండండి. ప్రిన్సిపాల్ సంతకంతో అనుమతి కాగితం తీసుకుని, ఒక జిరాక్స్ ఆఫీసులో, ఒకటి మీ ఫైల్లో పెట్టుకోండి.