ప్రాంగ్‌హార్న్ జింకేనా?

ప్రశ్న: టీవీలో అమెరికా ప్రాంగ్‌హార్న్‌ను చూశాను. అది మన కృష్ణజింకకు దగ్గరి చుట్టమా? – ఒక పాఠకుడు, కనిగిరి

జవాబు: కాదండీ. చూడ్డానికి జింకలాగే ఉన్నా, ఇప్పుడు బతికున్నవాటిలో దాని దగ్గరి చుట్టాలు జిరాఫీ, ఆ జిరాఫీ కుటుంబానికే చెందిన ఆఫ్రికా అడవి జంతువు ఒకాపీ! మన నెల్లూరు పొట్టేలు కొమ్ము తొడుగు ఊడిపోదు, దీనికైతే లోపలి ఎముక అలాగే ఉండి పై తొడుగు ఏటా రాలి కొత్తది వస్తుంది. ఉత్తర అమెరికాలోనే పెరిగిన ఈ కుటుంబంలో ఒకప్పుడు ఎన్ని రకాలో: నాలుగు కొమ్ముల స్టాకోసెరస్, ఫ్లోరిడాలో ఆరు కొమ్ముల హెక్సామెరిక్స్, మెలితిరిగిన కొమ్ముల ఇలింగోసెరస్, భుజం దగ్గర 60 సెంటీమీటర్ల ఎత్తే ఉండే కాప్రోమెరిక్స్. చాలా రకాలు ముందే పోయాయి, మంచుయుగం చివరిదాకా నిలిచినవి కూడా దాదాపు 12 వేల ఏళ్ల క్రితం అంతరించాయి. ఇదొక్కటే మిగిలింది. గంటకు 80 కిలోమీటర్లు దాటే దీని పరుగు, ఇప్పుడు లేని అమెరికా చీతాల నుంచి తప్పించుకోవడానికే వచ్చిందని కొందరు శాస్త్రవేత్తల అంచనా, నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.