ఆ పది నిమిషాలు రాయి

తమ్ముడూ,

నీ కథ చదివాను. పండగ రాత్రి, ఇసకేస్తే రాలనంత జనం, మధ్యలో ఒక జంట, తెల్లారేసరికి ఎవరి దారి వాళ్లది. ఎత్తుకున్న విషయం గట్టిదే. కాకపోతే వాళ్లిద్దరినీ విడదీసే పని మొత్తం జనం నెత్తిన పెట్టేశావు. తోపులాటలో చేయి జారింది, బంధం తెగింది అంటే నేను నమ్మను. జారిన చేయి మళ్లీ పట్టుకోవచ్చు కదా.

చదరపు మీటరుకు ఐదారుగురు దాటితే మన కాళ్లు మన మాట వినవు, జనం ఎటు తోస్తే అటు పోవాల్సిందే. అందులో ఎవరి తప్పూ లేదు. నాకు కావాల్సింది ఆ తర్వాతి సంగతి, కాస్త ఊపిరాడే చోటు దొరికాక. ఆమె వెనక్కి తిరిగి వెతికిందా? అతను ఉన్నచోటే ఆగాడా, 'తనే వస్తుందిలే' అనుకుని స్నేహితులతో ముందుకెళ్లిపోయాడా? ఆ పది నిమిషాలను నువ్వు "కాసేపు వెతుక్కున్నారు" అని ఒక్క ముక్కలో దాటేశావు. లైటింగ్ వర్ణనకు మాత్రం పేజీన్నర!

ఫోన్ సంగతీ వదిలేశావు. అంతమంది ఒకేసారి ఒకే టవర్ మీద పడితే కాల్ కలవదు, మెసేజ్ ఎప్పటికో చేరుతుంది. దీన్ని వాడుకో. పదింటికి ఆమె పెట్టిన "ఎక్కడున్నావ్?", పదకొండున్నరకు పెట్టిన "ఇక నాకోసం చూడకు", రెండూ అతని ఫోన్‌లో ఒకేసారి వచ్చి పడతాయి. అతని కన్ను ముందు రెండోదాని మీదే పడుతుంది. ఇక ఆ గంటన్నరా అతను చేసిన కాల్స్ ఒక్కటీ కలవలేదు, ఆమె ఫోన్‌లో మిస్డ్ కాల్ కూడా లేదు. "చాలాసార్లు చేశాను" అంటాడు. అది నిజమే. ఆమె నమ్మాలా వద్దా? ఆ రాత్రికి ముందు వాళ్ల మధ్య ఏం మిగిలి ఉందో అక్కడ తెలిసిపోతుంది.

అందుకే పగులు ముందే ఉండాలి. బయల్దేరేటప్పుడు ఆమెకు రావాలని లేదు, అతను అడగలేదు. మూడు నాలుగు వాక్యాలు చాలు, అంతకుమించి లాగకు.

ఆ పాత ప్రియురాలిని తీసెయ్. ఆవిడ కనబడగానే పాఠకుడు తప్పెవరిదో తేల్చేసి చేతులు దులుపుకుంటాడు. (ఆ సీనంటే నీకు ముద్దని తెలుసు. అయినా తీసెయ్.)

మాటలు కూడా తగ్గించు. చెవిలో అరిస్తే గానీ వినబడని చోట నీ వాళ్లు ఉపన్యాసాలు ఇచ్చుకుంటున్నారు. అక్కడ ఎవరైనా "ఏంటీ?", "పద", "తర్వాత చెప్తా" అంటారు, అంతే. ఆమెతో ఆ "తర్వాత చెప్తా" రెండు మూడు చోట్ల అనిపించు. చెప్పాల్సింది మాత్రం చివరిదాకా చెప్పించకు.

ఆ రాత్రే విడిపోవాలని కూడా లేదు. ఇద్దరినీ ఒకే బండి మీద ఇంటికి పంపినా కథకు లోటేం రాదు.

తిరగరాసి పంపు. టైటిల్ మాత్రం ఇప్పుడే పెట్టకు. ఇప్పుడున్నది చూస్తే విడిపోతారని మొదటి పేజీ తిప్పకముందే తెలిసిపోతోంది.

మీ అన్నయ్య