అమ్మకి తెలియదనే అనుకుంటున్నారా?

ప్రశ్న: మాది గూడూరు దగ్గర పల్లె. ఉద్యోగం కోసం చెన్నై వచ్చి వేళచ్చేరిలో ఉంటున్నాం. నాన్న లేరు. అమ్మకి 66 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ అని తేలితే అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో చూపిస్తున్నాం, మూడు వారాలకోసారి కీమో ఇస్తున్నారు, తర్వాత ఆపరేషన్ అన్నారు. తట్టుకోలేదని అమ్మకి ‘గడ్డ, మందులతో కరిగిపోతుంది’ అని మాత్రమే చెప్పాం. మొదట్లో బాగానే ఉండేది. ఇప్పుడు సరిగా తినదు, మాట్లాడదు, ‘నన్ను ఊళ్లో దింపేయండి నాయనా’ అని ఒకటే మాట. ధైర్యంగా ఉండమ్మా అంటే గోడ వైపు తిరిగి పడుకుంటుంది. నా భార్య ఇంటి నుంచే పనిచేస్తూ చూసుకుంటోంది. అమ్మకి ధైర్యం ఎలా చెప్పాలి?
— ఒక కొడుకు, వేళచ్చేరి

జవాబు: మీ అమ్మగారికి తెలుసు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి పేరులోనే జబ్బు పేరుంది, మీ నెల్లూరు, గూడూరు వైపు ‘అడయార్‌కి తీసుకెళ్లారట’ అంటే ఇక వివరం అడిగేవాళ్లుండరు. పైగా కీమో రోజు అంతసేపు కూర్చుంటే పక్కనున్నావిడ ‘మీకు ఇది ఎన్నోది?’ అని అడగకుండా ఉంటుందా, దువ్వెన పెట్టగానే జుట్టు కుచ్చులుగా ఊడొస్తుంటే ఆవిడ ఏమీ అనుకోలేదంటారా? మీరు చెప్పదలచుకోలేదని అర్థమై, మీకు బాధ కలిగించడం ఇష్టంలేక తెలియనట్టు ఉంటోంది. మరి రాత్రి భయమేస్తే ఆ మనిషి ఎవరితో చెప్పుకోవాలి?

అందుకే ధైర్యం చెప్పడం కొన్నాళ్లు ఆపేయండి. ‘ధైర్యంగా ఉండు’ అన్నాక ‘నాకు భయంగా ఉంది’ అనడానికి నోరు రాదు. ఒకరోజు భోజనాలయ్యాక టీవీ కట్టేసి పక్కన కూర్చుని, ‘అమ్మా, డాక్టర్ చెప్పినవన్నీ నీకు చెప్పలేదు, చెప్పమంటావా?’ అని అడగండి. అడిగి ఊరుకోండి, మీరే మాట అందుకోవద్దు. ఏడవొచ్చు, ఇన్నాళ్లు దాచారని కోప్పడొచ్చు, ‘నాకెందుకు, నువ్వే చూసుకో నాయనా’ అన్నా అనొచ్చు. అలా అంటే అదీ ఆవిడ ఇష్టమే, బలవంతంగా అన్నీ వినిపించక్కర్లేదు, కానీ అడిగినదానికి మాత్రం అబద్ధం చెప్పొద్దు. మీకు తెలియనిది అడిగితే ఈసారి డాక్టర్ దగ్గర ఇద్దరం అడుగుదాం అనండి. డబ్బు సంగతి కూడా దాచొద్దు. పెద్దవాళ్లు వైద్యం వద్దనడానికి చాలాసార్లు కారణం పిల్లలు అప్పులపాలవుతారన్న బెంగే. ఎంతయింది, ఎక్కణ్ణుంచి సర్దుతున్నారు అని చెప్తే కాస్త కుదుటపడుతుంది.

ఇక ఊరి మాట. వైద్యం మానేస్తానంటోందని మీరు కంగారుపడుతున్నట్టున్నారు, నాకు మాత్రం అలా అనిపించలేదు. ఇన్నేళ్లూ ఇంటిని నడిపిన మనిషి ఇప్పుడు ఫ్లాట్‌లో ఒక గదిలో, ఎప్పుడు తినాలో ఎప్పుడు పడుకోవాలో ఇంకొకరు చెప్తే వింటోంది. మంచం మీద కూర్చునే చిక్కుడుకాయలకి ఈనెలు తీయగలదు, ఓపిక ఉన్నపూట ఆ పని చేయనివ్వండి, ‘నువ్వు కదలొద్దు’ అని లాక్కోవద్దు. ఊరికి వెళ్లడమూ కుదరని పనేం కాదు. మూడు వారాల కీమోలో సాధారణంగా ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి, ఇన్‌ఫెక్షన్ భయం అప్పుడే ఎక్కువ, మూడో వారానికి చాలామంది తేరుకుంటారు. ఆ మూడో వారంలో నాలుగు రోజులు ఇంటికి వెళ్లి రావచ్చా అని డాక్టర్‌ని ఆవిడ చేతే అడిగించండి. తన మాట తనని అడగనిస్తే ఎంత మార్పు వస్తుందో చూస్తారు. చికిత్స కోసం తిరిగే క్యాన్సర్ రోగులకి రైల్లో రాయితీ ఉంది, స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో రోగి టికెట్ ఛార్జీకి పూర్తిగా, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. దానికి ఆసుపత్రి వాళ్లు ఫారం మీద సంతకం చేసి ఇవ్వాలి, అడగండి.

ఎక్కడున్నా ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి. జ్వరం 100.4 డిగ్రీలకి చేరిందంటే అర్ధరాత్రైనా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. పారాసెటమాల్ వేసి తెల్లారాక చూద్దాం అనుకోవద్దు, తెల్లకణాలు లేనప్పుడు ఇన్‌ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. ఊరికి వెళ్తే థర్మామీటర్, వైద్యం ఫైలు సంచిలో ఉండాలి, దగ్గర్లో ఏ ఆసుపత్రికి పరుగెత్తాలో ముందే కనుక్కోవాలి.

తినకపోవడాన్ని మొండితనం అనుకుని గంట గంటకీ బతిమాలొద్దు. ముందు నోరు తెరిపించి టార్చ్ వేసి చూడండి, నాలుక మీద, బుగ్గల లోపల పుండ్లు, తెల్లటి పొర కనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి, మందులున్నాయి. కీమోలో చాలామందికి నోట్లో ఇనుము రుచి తగులుతుంది, తాలింపు వాసనకే కడుపులో తిప్పుతుంది. తాలింపు వేసేటప్పుడు ఆవిడ గది తలుపు దగ్గరగా వేయండి, వేడివేడిగా కాకుండా చల్లారిన పప్పన్నం, మజ్జిగన్నం, బాగా ఉడికిన గుడ్డు కొంచెం కొంచెంగా పెట్టండి. విరేచనం సరిగా అవుతోందో లేదో అడగండి, కొడుకుతో చెప్పడానికి సిగ్గుపడి చాలామంది అమ్మలు అక్కడే బాధపడతారు, వాంతుల మందు వల్ల కూడా మలబద్ధకం వస్తుంది. బంధువులు ఫోన్లో చెప్పే ఆకుల రసాలు, పొడులు డాక్టర్‌ని అడగకుండా ఒక్కటీ వద్దు, కొన్నిటికి కీమో మందులతో పడదు.

ఇవన్నీ చేసినా రెండు వారాలు దాటి అలాగే నిద్రలేక, ఎవరితోనూ పలకకుండా ఉంటే డిప్రెషన్ కావచ్చు. డాక్టర్‌కి చెప్పండి, దానికీ చికిత్స ఉంది.

చివరగా, మీ ఉత్తరంలో మీ భార్య గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆఫీసు కాల్ మధ్యలో లేచి వాంతి గిన్నె పట్టేది, స్నానానికి సాయం చేసేది ఆమే అనుకుంటాను, ఆమె ఎలా ఉందో ఎవరైనా అడిగారా? కీమో రోజు మీరు సెలవు పెట్టండి, ఆ తర్వాత రెండు మూడు రాత్రులు అమ్మ గదిలో మీరే పడుకోండి. అక్కచెల్లెళ్లో పిన్నో ఉంటే రమ్మనండి, పళ్లు ఇచ్చి గంటలో వెళ్లిపోవడానికి కాదు, వారం ఉండి వండిపెట్టడానికి.