చలిలో, గట్టి గాలిలో స్వచ్ఛంద సేవకులతో కాటమరాన్ (రెండు సన్నటి పడవలు పక్కపక్కన జోడించినట్టుండే తెరచాప పడవ) పోటీ నడపాలంటే ముందు ఏం చూసుకోవాలి?

రక్షణ పడవలు. ఒకేసారి ఎన్ని పడవలు బోల్తాపడితే ఆదుకోగలరో, దాన్నిబట్టే పోటీ పెట్టాలో వద్దో తేల్చుకోండి. గాలి వేగం 15 నాట్ల (గంటకు సుమారు 28 కి.మీ.) నుంచి 20 నాట్లకు (సుమారు 37 కి.మీ.) పెరిగితే తెరచాప మీద ఒత్తిడి దాదాపు 1.8 రెట్లవుతుంది. చల్లగాలి సాంద్రత ఎక్కువ కాబట్టి ఇంకొంచెం. కాటమరాన్ పూర్తిగా తలకిందులైతే అలాగే నిలకడగా ఉండిపోతుంది, నడిపేవాళ్లు తిరిగి నిలబెట్టడం చాలా కష్టం. పైగా బాగా చల్లటి నీళ్లలో పది నిమిషాలకే వేళ్లు పట్టు తప్పుతాయి. అందుకే ప్రతి రక్షణ పడవలో డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని దుస్తులు) వేసుకుని నీళ్లలోకి దూకగలిగే మనిషి, తాళ్లు కోసే కత్తి తప్పనిసరి.

చాలామంది మరిచేది ప్రారంభ పడవలో, అంటే పోటీ మొదలుపెట్టించే నిర్వాహకుల పడవలో, కదలకుండా కూర్చునేవాళ్లని. పోటీదారులకంటే ముందు వణికేది వాళ్లే! రేసు రేసుకీ మార్చండి, వేడి టీ పంపండి.

అనుమానమొస్తే పడవ పోటీల సంకేత జెండాల్లో ‘N’ అక్షరం జెండా, దాని కింద ‘A’ అక్షరం జెండా ఎగరేసి (రేసులు రద్దు, ఇవాళ్టికి ఇక పోటీ లేదని అర్థం) ఆ రోజుకు ఆపేయండి. ఒడ్డుకు చేరినవాళ్లను పేరుపేరునా లెక్కచూశాకే రక్షణ పడవలు వెనక్కి రావాలి.