అల్సరేటివ్ కొలైటిస్ ఉన్న అమ్మాయి పెళ్లికి ముందు మందులు ఆపేయాలా?

మీ చెల్లికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాపు, పుండ్లు వచ్చే జబ్బు) అన్నారు, మెసలమైన్ మాత్రలు వాడాక మలంలో రక్తం పడటం ఆగింది, సంబంధాలు చూస్తున్నాం కాబట్టి ఇక మాత్రలు మానిపించొచ్చా అని అడిగారు. రోజూ మాత్రలు మింగితే పిల్లలు పుట్టరని మీ ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని కూడా రాశారు. నాదీ ఇదే జబ్బు, డిగ్రీ చదివేటప్పుడు బయటపడింది. ఇప్పుడు నాకు ఇద్దరు పిల్లలు. దయచేసి మందులు మానిపించకండి.

రక్తం ఆగినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు. పెద్దపేగు లోపలి పొరలో వాపు మందు వల్ల అణిగి ఉంది, అంతే. 2003లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మెసలమైన్ సరిగ్గా వేసుకోని వాళ్లకి జబ్బు తిరగబెట్టే ముప్పు ఐదు రెట్లకు పైగా కనిపించింది. జబ్బు అణిగి ఉంటే పిల్లలు పుట్టే అవకాశం మిగతా ఆడవాళ్లకు ఉన్నంతే ఉంటుంది. అది రేగి ఉన్నప్పుడు గర్భం వస్తేనే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు లాంటి భయాలు పెరుగుతాయి. అందుకే మా డాక్టరు గారు, స్టెరాయిడ్ లేకుండా కనీసం మూడు నెలలు జబ్బు అణిగి ఉన్నాకే పిల్లల గురించి ఆలోచించమన్నారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష చేయించి, లోపల వాపు లేదని తేలాకే సరేనన్నారు.

కడుపుతో ఉండగా ఇన్ని మాత్రలేమిటని మా అత్తగారు చాలా టెన్షన్ పడ్డారు. ఆవిణ్ణి కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నోట విన్నాక, వేళకి మాత్ర వేసుకున్నావా అని ఆవిడే అడిగేవారు.

అయితే ఈ జబ్బుకి వాడే మందులన్నీ ఒకటి కాదు. మెసలమైన్ గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ వాడుకోవచ్చు. సల్ఫాసలజైన్ ఒంటికి ఫోలేట్ అనే విటమిన్ సరిగా పట్టనివ్వదు కాబట్టి దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తారు. మగవాళ్లలో సల్ఫాసలజైన్ వీర్యకణాలను తగ్గిస్తుంది, ఆపితే మళ్లీ మామూలవుతాయి. మీ పెద్దవాళ్ల మాట అలా పుట్టిందేమో. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భానికి ముందే ఆపి తీరాలి. అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి వాటిని సొంతంగా ఆపకూడదు. అమెరికాలో 2007లో మొదలైన పియానో అధ్యయనం దాదాపు 1,500 గర్భాలను గమనించి, ఈ మందుల వల్ల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు పెరగలేదని 2021లో చెప్పింది. ఒక్క జాగ్రత్త: నెలలు నిండే దాకా ఇన్‌ఫ్లిక్సిమాబ్ తీసుకుంటే ఆ మందు బిడ్డ రక్తంలోకీ చేరుతుంది. మన దగ్గర పుట్టగానే బీసీజీ టీకా వేసేస్తారు కదా, అది బతికున్న క్రిములతో చేసిన టీకా కాబట్టి ఆ బిడ్డకి దాన్ని కొన్ని నెలలు వాయిదా వేయాలి. కాన్పుకి ముందే పిల్లల డాక్టరుకి చెప్పి ఉంచండి.

ఇక పెళ్లివారి సంగతి. దాచొద్దు. రోజూ మాత్ర, అప్పుడప్పుడు కొలొనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అత్తింట్లో ఎన్నాళ్లు దాస్తారు? దాచాలని మాత్రలు మానేసే అమ్మాయిలున్నారు, నాకు దిగులంతా దాని గురించే. మాట ఖాయం చేసుకునే ముందే అబ్బాయితో మీ చెల్లినే మాట్లాడనివ్వండి. అతనికి సందేహాలుంటే ఇద్దరినీ కలిపి ఆమె గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి పంపండి.